మోకాలి లిగమెంట్ ఆపరేషన్: నడక ముందొస్తుంది, గ్రాఫ్ట్ బలం తర్వాతొస్తుంది

క్లుప్తంగా: తెగిన ఏసీఎల్ (మోకాలి కీలు మధ్యలో ఉండే లిగమెంట్) స్థానంలో కొత్త లిగమెంట్ వేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది రోజువారీ పనులకు ఇబ్బంది లేకుండా తిరిగి వస్తారు. ఆటలో పాత స్థాయిని అందుకునేవాళ్లు మాత్రం మూడింట రెండొంతుల మందే. నొప్పి, వాపు తగ్గినంత వేగంగా లోపలి గ్రాఫ్ట్, అంటే కొత్తగా వేసిన ఆ లిగమెంట్, బలపడదు. మళ్లీ తెగడం, తొడ కండరం కోలుకోకపోవడం వంటి సమస్యల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

గచ్చిబౌలి, కొండాపూర్, నిజాంపేట, ఎల్బీనగర్... ఎటు వెళ్లినా వల కట్టిన టర్ఫ్ గ్రౌండ్లు కనిపిస్తున్నాయి. ఆఫీసు అయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా ఫ్లడ్‌లైట్ల కింద బాక్స్ క్రికెట్, ఫుట్‌బాల్ నడుస్తుంటాయి. వారమంతా కుర్చీలో కూర్చున్న కాళ్లు వార్మప్ లేకుండా ఒక్కసారిగా పరుగెత్తి, ఆగి, తిరుగుతాయి. ఇంకోవైపు వాన పడిన రోడ్డు మీద స్కూటీ స్కిడ్ అయి పాదం నేలకు ఆని, మోకాలు మెలిపడి వచ్చేవాళ్లుంటారు. ఇలాంటి మోకాళ్లకు ఎమ్మారై తీయించినప్పుడు తరచూ బయటపడేది ఏసీఎల్ తెగిన సంగతే.

ఆపరేషన్ చేయించుకుందామా అని నలుగురిని అడిగితే నాలుగు జవాబులొస్తాయి. ఒకరు మూడు నెలలకే బండి నడిపామంటారు. ఇంకొకరు ఏడాది దాటినా పరుగెత్తలేకపోతున్నామంటారు. మరొకరికి రెండోసారి తెగింది. వేరొకరు ఆపరేషనే లేకుండా బాగున్నారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పేరుకు ఒకటే ఆపరేషన్ అయినా లోపల తగిలిన దెబ్బ, వేసిన గ్రాఫ్ట్, వయసు, ఆట, ఫిజియోథెరపీ ఎవరివి వాళ్లకు వేరు. "సక్సెస్" అన్న మాటను కూడా ఒక్కొక్కరు ఒక్కో కొలతతో వాడుతున్నారు.

తెగిందని తెలియడానికే నెలలు పడుతోంది

ఏసీఎల్ మోకాలి కీలు మధ్యలో, తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య ఏటవాలుగా ఉండే పట్టీ. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. కింది ఎముక ముందుకు జారకుండా, కాలు తిరిగేటప్పుడు కీలు మెలిపడకుండా పట్టి ఉంచేది ఇదే. ఎదుటివాళ్లు గుద్దుకుంటేనే తెగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆటల్లో తెగేవాటిలో దాదాపు 70 శాతం ఎవరూ తగలకుండానే తెగుతున్నాయి. దూకి ఒంటికాలి మీద దిగడం, పరుగులో హఠాత్తుగా దిశ మార్చడం చాలు. ఒకే ఆట ఆడే స్త్రీ పురుషుల్లో స్త్రీలకు ఈ ప్రమాదం రెండు రెట్లకు పైనే.

ఆ క్షణంలో లోపల "టప్" మన్నట్టు అనిపిస్తుంది. రెండు మూడు గంటల్లో రక్తం చేరి మోకాలు ఉబ్బుతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదు కాబట్టి అంతా బాగానే కనిపిస్తుంది. మన దగ్గర ఆలస్యం మొదలయ్యేది ఇక్కడే. ఎక్స్‌రే నార్మల్ అన్నారని కొందరు క్రేప్ బ్యాండేజీతో సరిపెట్టుకుంటారు. కొందరు నాటు కట్టు కట్టించుకుంటారు. రెండు మూడు వారాలకు వాపు దిగి నడక కుదురుతుంది. దాంతో తగ్గిపోయిందనుకుంటారు. వాపు ఎలాగూ దిగేదే, అది కట్టు మహిమ కాదు. ఏసీఎల్ కీలు ద్రవంలో ఉండటం వల్ల పూర్తిగా తెగిన కొసలు చాలావరకు వాటంతటవి అతుక్కోవు.

అసలు సంగతి మెట్లు దిగుతున్నప్పుడో, బస్సులోంచి దూకినప్పుడో బయటపడుతుంది. మోకాలు ఒక్కసారిగా పట్టు తప్పినట్టవుతుంది. అలా తప్పిన ప్రతిసారీ ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది, చిరుగుతుంది. కీలుకు దీర్ఘకాలంలో చేటు చేసేది ఈ చిరుగే. కాబట్టి మోకాలు పదేపదే తప్పుతుంటే నెలల తరబడి నెట్టుకురావడం మంచిది కాదు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు

స్వీడన్‌లో 121 మంది చురుకైన యువకులపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు. మిగతా సగానికి వ్యాయామాలతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్ల తర్వాత నొప్పి, పనితీరు కొలతల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఐదేళ్ల నాటికి రెండో గుంపులో దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగానికి ఆ అవసరమే రాలేదు.

2022లో బ్రిటన్ నుంచి వచ్చిన అధ్యయనం ఇంకోలా చెప్పింది. అందులోని 316 మంది ఎప్పుడో దెబ్బ తగిలి, నెలలు గడిచినా మోకాలు తప్పుతూనే ఉన్నవాళ్లు. వీళ్లలో ఆపరేషన్ చేయించుకున్న గుంపు మెరుగ్గా ఉంది. వ్యాయామాల గుంపులో 41 శాతం మంది తర్వాత ఆపరేషన్‌కే వెళ్లారు.

పైకి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టున్నా నిజానికి కలిసే ఒక దారి చూపిస్తున్నాయి. దెబ్బ కొత్తదై, మెనిస్కస్ బాగుండి, మెలితిప్పే ఆటలు ఆడని మనిషైతే మూడు నెలలు గట్టిగా ఫిజియో చేసి చూడొచ్చు. కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకు, మామూలు నడకలోనే మోకాలు తప్పేవాళ్లకు, కుట్టి బాగుచేయదగ్గ మెనిస్కస్ చిరుగు ఉన్నవాళ్లకు ఆపరేషన్ వైపు మొగ్గు ఎక్కువ. ఎమ్మారై రిపోర్టులో "కంప్లీట్ టేర్" అని రాసి ఉన్నంత మాత్రాన రేపే థియేటర్‌కు పరుగెత్తాల్సిన పని లేదు. పైగా వాపుతో బిగుసుకుపోయిన మోకాలికి తొందరపడి ఆపరేషన్ చేస్తే తర్వాత అది అలాగే బిగుసుకుపోయే ముప్పుంది. ముందు వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచగలిగి, తొడ కండరం పనిచేయాలి. ఆ తర్వాతే తేదీ పెట్టుకోవడం మేలు.

గ్రాఫ్ట్ ఎంపికకూ నేల మీద కూర్చోవడానికీ సంబంధం

తెగిన లిగమెంట్‌ను కుట్టి అతికిస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది వేరు. పాతదాని స్థానంలో ఒంట్లోనే ఇంకోచోటి నుంచి తీసిన స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని) వేస్తారు. మన దగ్గర ఎక్కువగా వాడేది హ్యామ్‌స్ట్రింగ్. మోకాలి కింద లోపలి వైపు రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, తొడ వెనక కండరాల స్నాయువు ఒకటో రెండో తీస్తారు. బల్ల మీద దాన్ని శుభ్రం చేసి, మడతలు పెట్టి, కొసలు దారంతో బిగించి, వరసగా ఉన్న రంధ్రాల్లో దూర్చి మందం కొలుస్తారు. ఎనిమిది మిల్లీమీటర్ల కన్నా సన్నగా వస్తే, ముఖ్యంగా కుర్రవాళ్లలో, తెగే అవకాశం పెరుగుతుంది. అందుకే సర్జన్లు ఇంకో మడత పెట్టి మందం పెంచే ప్రయత్నం చేస్తారు. ఎముకల్లో వేసిన సొరంగాల్లోంచి దాన్ని లాగి స్క్రూతోనో, చిన్న లోహపు బటన్‌తోనో బిగిస్తారు.

మోకాలి చిప్ప కింది స్నాయువును రెండు కొసల్లో ఎముక ముక్కతో సహా తీసి వాడటం ఇంకో పద్ధతి. ఎముకకు ఎముక కాబట్టి ఇది త్వరగా అతుక్కుంటుంది. పోటీ క్రీడాకారులకు చాలామంది సర్జన్లు దీన్నే ఎంచుకుంటారు. ఇబ్బందల్లా మోకాలి ముందు భాగంలో మిగిలిపోయే నొప్పి. నమాజులో మోకాళ్లు ఆన్చేవాళ్లకు, గుళ్లో సాష్టాంగం చేసేవాళ్లకు, వంగి ఇల్లు తుడిచేవాళ్లకు, టైల్స్ వేసే మేస్త్రీలకు ఇది చిన్న విషయం కాదు. హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో ముందు నొప్పి తక్కువ, కానీ మోకాలిని బాగా లోతుగా మడిచే బలం కొంత తగ్గుతుంది. తొడ ముందు కండరపు స్నాయువు, చీలమండ దగ్గరి పెరోనియస్ స్నాయువు కూడా వాడుతున్నారు. దాత నుంచి సేకరించినవి కుర్రవాళ్లలో ఎక్కువగా తెగుతున్నట్టు తేలింది కాబట్టి ఆ వయసులో వాటిని సాధారణంగా వద్దంటారు.

సకలంముకలం పెట్టి కూర్చోవడం, గొంతుకూర్చోవడం పాశ్చాత్య దేశాల కొలమానాల్లో పెద్దగా కనిపించవు. మెట్లు ఎక్కిదిగడానికి మోకాలు 90 డిగ్రీలకు కాస్త అటూఇటూ మడిస్తే చాలు. గొంతుకూర్చోవడానికి అంతకంటే చాలా ఎక్కువ మడవాలి. "పూర్తి కదలిక వచ్చింది" అని విదేశీ లెక్కలో రాసిన మోకాలు మన ఇంట్లో పీట మీద కూర్చోవడానికి సరిపోకపోవచ్చు. కాబట్టి ఇంట్లో కింద కూర్చుంటారా, దేశీ టాయిలెట్ వాడతారా, పని ఏమిటి అన్నవి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాల్సిన సంగతులు. అడగలేదు కదా అని ఊరుకోకూడదు.

నొప్పి లేదు కాబట్టి తగ్గిపోయిందా?

మొత్తం వ్యవహారంలో కీలకమైన మెలిక ఇక్కడ ఉంది. బిగించిన రోజు గ్రాఫ్ట్ బలమైనదే. కానీ రక్తప్రసారం తెగిపోయిన కణజాలం కాబట్టి అందులోని కణాలు మొదటి వారాల్లో చనిపోతాయి. ఆ తర్వాత చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు లోపలికి పాకి దాన్ని తిరిగి కట్టడం మొదలుపెడతాయి. ఈ మార్పు సాగుతుండగా, సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, గ్రాఫ్ట్ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. పూర్తిగా లిగమెంట్ లక్షణాలు రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది.

సరిగ్గా ఆ ఆరు నుంచి పన్నెండు వారాల్లోనే పేషెంటుకు బాగా అనిపిస్తుంది. కర్రలు పక్కన పెట్టేస్తారు, వాపు దిగుతుంది, ఆఫీసుకు వెళ్తారు, బ్రేస్ విసుగనిపిస్తుంది. పైకి గట్టిపడ్డట్టు కనిపించినా స్లాబు కింద సెంట్రింగ్ ఎందుకు విప్పరో ఇళ్లు కట్టించిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మోకాలి విషయంలో మాత్రం చాలామంది తొందరపడతారు. మూడో నెలలో "ఒక్క ఓవరే కదా" అని బంతి అందుకుంటారు.

ఇంకో సమస్య తొడ ముందు కండరానిది. కీలులో వాపు, నొప్పి ఉన్నప్పుడు నరాల వ్యవస్థ ఆ కండరాన్ని తనంతట తానే అణచివేస్తుంది. ఆపరేషన్ తర్వాత మొదటి వారంలో ఫిజియో మడమ కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి నొక్కమంటారు. పేషెంటు పళ్లు బిగించి ప్రయత్నిస్తారు. మోకాలి చిప్ప కాస్త పైకి జరగాలి, జరగదు. బద్ధకం వల్లో, భయం వల్లో అలా జరుగుతోందనుకోవడం పొరపాటు. ఆదేశం కండరానికి చేరడం లేదు. దీన్ని మొదటి వారాల్లోనే దారిలో పెట్టకపోతే తొడ సన్నబడుతుంది, మోకాలు చివరి నాలుగైదు డిగ్రీలు చాచుకోదు, నడకలో చిన్న కుంటు మిగిలిపోతుంది. దిండు పెట్టి మోకాలిని వంచి పడుకోవడం హాయిగానే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతో పెట్టే ఆ దిండే కాలు చాచుకోకపోవడానికి ఒక కారణం అవుతోంది.

మెనిస్కస్‌ను కూడా కుట్టి ఉంటే లెక్క మారుతుంది. కుట్టు రకాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు వారాలు బరువు మోపడం తగ్గించమంటారు, 90 డిగ్రీలు దాటి మడవొద్దంటారు. పక్కింటాయన రెండో వారానికే నడిచాడని పోల్చుకుని టెన్షన్ పడేవాళ్లు ఇది గమనించాలి. ఆయనకు మెనిస్కస్ కుట్టి ఉండకపోవచ్చు.

బండి సంగతి హైదరాబాద్‌లో అందరూ అడిగేదే. కుడి మోకాలికి ఆపరేషన్ అయితే కారు బ్రేకు మామూలు వేగంతో తొక్కగలగడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. టూవీలర్‌కు ఇంకా ఆగడం మంచిది. సిగ్నల్ దగ్గర బండి ఒరిగినప్పుడు బరువంతా ఒక్క కాలి మీద, అదీ మెలితిరిగిన భంగిమలో పడుతుంది. కుడి కాలైతే కిక్ కొట్టడం, ఎడమ కాలైతే సైడ్ స్టాండు తీయడం కూడా లెక్కలోకి రావాలి.

ఫలితాలు అంకెల్లో

2014లో వెలువడిన ఒక సమీక్ష అనేక దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న 7,500 మందికి పైగా వివరాలను కలిపి చూసింది. ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవాళ్లు 81 శాతం. దెబ్బ తగలకముందు ఉన్న స్థాయికి చేరినవాళ్లు 65 శాతం. పోటీల్లో మళ్లీ ఆడినవాళ్లు 55 శాతం. రాలేనివాళ్లందరి మోకాళ్లూ చెడిపోయాయని కాదు. మళ్లీ తెగుతుందేమోనన్న భయం చాలామందిని ఆపేస్తోంది. అందుకే ఇప్పుడు మైదానంలోకి పంపేముందు బలంతో పాటు మానసిక సంసిద్ధతను కూడా ప్రశ్నావళితో కొలుస్తున్నారు.

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 25 ఏళ్ల లోపు వయసులో ఆటకు తిరిగి వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి రెండోసారి ఏసీఎల్ తెగినట్టు 2016 నాటి సమీక్ష ఒకటి చెప్పింది. ఆపరేషన్ అయిన కాలే కాదు, బాగున్న కాలు కూడా తెగుతుంది. దెబ్బతిన్న కాలిని కాపాడుకుంటూ రెండోదాని మీద భారం వేయడం, దూకి దిగే తీరు మారకపోవడం ఇందుకు కారణాలు.

బ్యాడ్మింటన్ చూసే హైదరాబాదీలకు స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ ఉదాహరణ కళ్ల ముందే ఉంది. 2019 జనవరిలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్‌లో మన సైనా నెహ్వాల్ మీద ఆధిక్యంలో ఉండగా ఆమె కుడి మోకాలి ఏసీఎల్ తెగింది. ఆ సెప్టెంబరులోనే చైనా ఓపెన్ గెలిచింది. 2021లో ఎడమ మోకాలు తెగి టోక్యో ఒలింపిక్స్ తప్పిపోయాయి. 2022లో తిరిగొచ్చి యూరోపియన్ టైటిల్ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో గెలుపు దిశగా వెళ్తూ కుడి మోకాలు మళ్లీ తెగి కూలబడిపోయింది. ఆపరేషన్ తర్వాత శిఖరానికి తిరిగి చేరవచ్చనడానికీ, ప్రమాదం పూర్తిగా పోదనడానికీ ఆమె ఒక్కతే నిదర్శనం. కారు ప్రమాదం తర్వాత 2023 జనవరిలో మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్ చేయించుకున్న రిషభ్ పంత్ మళ్లీ ఐపీఎల్ ఆడింది 2024 మార్చిలో. పూర్తికాలపు ఫిజియో, ట్రైనర్ వెంట ఉన్న ఆటగాడికే 14 నెలలు పట్టింది. అతనివి ఒకటికి మించిన లిగమెంట్లు అన్నది నిజమే గానీ, ఆఫీసు పనితో పాటు వ్యాయామాలు చేసుకునే మనిషి ఆర్నెల్లలో టర్ఫ్ ఎక్కాలనుకోవడం న్యాయమైన ఆశ కాదు.

ఎంతకాలం ఆగాలి అన్నదానికి నార్వే, అమెరికా పరిశోధకుల 2016 అధ్యయనం స్పష్టమైన జవాబిచ్చింది. తొమ్మిది నెలల వరకు, ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు సుమారు సగానికి తగ్గింది. బలం, గెంతు పరీక్షలు పాసవకుండా ఆటకు దిగినవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ గాయమైతే, పాసైనవాళ్లలో అది 6 శాతం లోపే. అంటే క్యాలెండరు ఒక్కటే చాలదు. దెబ్బతిన్న కాలు బలంలో, ఒంటికాలి గెంతులో రెండో కాలికి కనీసం 90 శాతం సాటి రావాలి. తొమ్మిది నెలలు మంచం మీద గడిపి దిగినా ప్రయోజనం లేదు.

ఆపరేషన్ పద్ధతిలోనూ మెరుగుదల ఉంది. 25 ఏళ్ల లోపున్న, ఎక్కువ ప్రమాదం గల 618 మందిపై జరిగిన అధ్యయనం 2020లో వచ్చింది. హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో పాటు మోకాలి బయటి వైపు మరో పట్టీ బిగించినప్పుడు గ్రాఫ్ట్ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. అందరికీ అవసరం లేదు గానీ, కబడ్డీ ఆడే పద్దెనిమిదేళ్ల పిల్లల విషయంలో సర్జన్‌ను అడిగి తెలుసుకోదగ్గ సంగతి.

ఇన్‌ఫెక్షన్ ఒక శాతం కంటే తక్కువ మందికే వస్తుంది. షుగరు అదుపులో లేనివాళ్లకు, పొగతాగేవాళ్లకు ముప్పు ఎక్కువ. పిక్కలో ఒక్కసారిగా నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డకట్టిందేమో వెంటనే చూపించుకోవాలి.

అరుగుదల సంగతి వేరు. ఏసీఎల్ గానీ మెనిస్కస్ గానీ తెగినవాళ్లలో పది నుంచి ఇరవై ఏళ్లకు దాదాపు సగం మందికి మోకాలి అరుగుదల కనిపిస్తోంది. ఆపరేషన్ చేయిస్తే ఇది రాదని చెప్పే గట్టి ఆధారం లేదు. దెబ్బ తగిలిన రోజే మృదులాస్థికి (ఎముకల కొసలను కప్పే నున్నటి పొరకు) జరిగిన నష్టం, మెనిస్కస్ ఎంత మిగిలింది, బరువు ఎంత ఉన్నారు అన్నవే ఇందులో ఎక్కువ నిర్ణయిస్తాయి. పాతికేళ్లకు తెగినవాళ్లకు నలభై దాటేసరికి ఈ ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి, మెనిస్కస్‌ను కత్తిరించకుండా వీలైనంతవరకు కుట్టి కాపాడటానికి అంత ప్రాముఖ్యం ఇస్తున్నారు.

ఫిజియో మధ్యలో ఎందుకు ఆగిపోతోంది

ఆపరేషన్ గంటా గంటన్నరలో అయిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో డిశ్చార్జి. ఇన్సూరెన్స్ డబ్బు కూడా ప్రధానంగా ఆ రెండు రోజుల చుట్టూనే తిరుగుతుంది. చాలా పాలసీలు డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు 60 లేదా 90 రోజుల గడువు పెడతాయి. గ్రాఫ్ట్ బలహీనంగా ఉండే దశ దాటి, అసలైన బలం పెంచే వ్యాయామాలు మొదలయ్యే నాలుగో నెలకు వచ్చేసరికి ఖర్చు జేబులోంచే పెట్టుకోవాలి. నొప్పి లేదు, డబ్బు రాదు, ట్రాఫిక్‌లో గంట ప్రయాణం. సెషన్లు మానేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ వైపు నుంచి నగరానికి వచ్చి ఆపరేషన్ చేయించుకునేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. కుట్లు విప్పించుకుని ఊరికి వెళ్లాక, దగ్గర్లో ఫిజియో ఉన్నా ఏసీఎల్ కేసులు చూసిన అనుభవం ఉండకపోవచ్చు. రోజూ రాలేనివాళ్లు రెండు మూడు వారాలకోసారి వచ్చి, తర్వాతి దశ వ్యాయామాలు వీడియోగా తీయించుకుని ఇంట్లో చేయడం ఆచరణలో కుదిరే పద్ధతి. దానికి ఖరీదైన జిమ్ అవసరం లేదు. కుర్చీ, మెట్టు, ఎలాస్టిక్ బ్యాండు, ఇసుక సంచితో మొదటి నాలుగు నెలల పని చాలావరకు జరుగుతుంది. ఆ తర్వాత మాత్రం బరువులు తప్పవు. కాలిని గాల్లో ఊపుతూ ఆర్నెల్లు గడిపితే తొడ బలం తిరిగి రాదు.

ఊరు మారినా, ఫిజియో మారినా వెంట ఉండాల్సింది ఆపరేషన్ నోట్స్ కాపీ. ఏ గ్రాఫ్ట్ వాడారు, మందం ఎన్ని మిల్లీమీటర్లు, దేనితో బిగించారు, మెనిస్కస్‌ను కుట్టారా కత్తిరించారా, మృదులాస్థి ఎలా ఉంది అన్నవన్నీ అందులో ఉంటాయి. చాలామందికి ఇచ్చే డిశ్చార్జి సమ్మరీలో "ఏసీఎల్ రీకన్‌స్ట్రక్షన్ డన్" అన్న ఒక్క వాక్యమే ఉంటోంది. మెనిస్కస్ కుట్టారో లేదో తెలియని ఫిజియో మోకాలిని ఎంతవరకు మడవాలో నిర్ణయించలేరు. ఆ కాపీని డిశ్చార్జి రోజునే అడిగి తీసుకోవచ్చు.